సిమ్లానా, మనాలీనా, ముస్సోరీనా? వరంగల్ నుంచి వెళ్లేవాళ్లకు ఏ కొండ నయం

ఏప్రిల్ వచ్చిందంటే మన దగ్గర ఇదే ముచ్చట. ఎండ 43 దాటుతుంటే ఇంట్లో ఒకరు ఫోన్లో మంచుకొండల వీడియో చూపిస్తారు, ఇంకొకరు హన్మకొండ నుంచి ఏదో ట్రావెల్స్ కాగితం పట్టుకొస్తారు, అందులో "ఢిల్లీ, ఆగ్రా, సిమ్లా, మనాలి, ఏడు రోజులు" అని రంగురంగుల్లో ఉంటుంది, ఇగ లెక్కలు మొదలవుతాయి. ముందు ఆ కాగితం పక్కన పెట్టండి. సిమ్లా బాగుంటుందా మనాలి బాగుంటుందా అని ఎవరినడిగినా వాళ్లు వెళ్లొచ్చిందే బాగుందంటారు. మీతో ఎవరెవరు వస్తున్నారు, ఏ నెలలో వెళ్తున్నారు, ఢిల్లీ దాటాక ఘాట్ రోడ్డు మీద ఎన్ని గంటలు కూర్చోగలరు, ఈ మూడూ తేల్చుకుంటే ఏ ఊరో దానంతట అదే తేలిపోతుంది.

ఆ ప్యాకేజీ సంగతి ఒకసారి లెక్కేద్దాం. ఢిల్లీ నుంచి సిమ్లా దాదాపు 350 కిలోమీటర్లు, కారులో ఎనిమిది తొమ్మిది గంటలు. సిమ్లా నుంచి మనాలి 250 కిలోమీటర్ల చిల్లర, అంతా మలుపులే, ఏడెనిమిది గంటలు ఎక్కడికీ పోవు. మనాలి నుంచి ఢిల్లీకి 530 కిలోమీటర్ల పైన, రాత్రంతా బస్సు. వీటికి కాజీపేట నుంచి ఢిల్లీకి పోను ఒక రోజు, రాను ఒక రోజు కలపండి. మధ్యలో ఆగ్రా ఒకటి. అంటే సగానికి సగం సీటులో కూర్చోవడమే, మిగిలిన సగం ఆ కూర్చున్న నడుము నొప్పి. దోస్తులు నలుగురైదుగురు పోతే సరదాగా గడిచిపోతుందేమో గానీ అవ్వనీ బాపునీ, రెండో తరగతి పిల్లనీ వెంటేసుకుని ఇది చేయకండి. ఒక్క కొండ పెట్టుకోండి, అక్కడే మూడు నాలుగు రాత్రులు ఉండండి, చుట్టుపక్కలవి రోజుకొకటి చూడండి.

చేరుకోవడంలో మనకు హైదరాబాద్ వాళ్లకంటే ఏమీ తక్కువ లేదు, ఢిల్లీ మెయిన్ లైన్ మీదే ఉన్నాం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున కాజీపేటలో ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దిగుతారు. రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్ వైపు వాళ్లకూ అదే బండి. చెన్నై వైపు నుంచి వచ్చే తమిళనాడు ఎక్స్‌ప్రెస్, జీటీ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతాయి. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది గానీ అది ఊరూరా ఆగుతూ పోతుంది, పైగా హజ్రత్ నిజాముద్దీన్‌లో దింపుతుంది, అక్కడి నుంచి తర్వాతి బండికి వేరే స్టేషన్‌కు సామాన్లతో పరుగెత్తాలి. విమానం కావాలంటే మన వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టులో ఎగిరేదాకా శంషాబాదే గతి, ఇంటి నుంచి అక్కడికి మూడు నాలుగు గంటలు వేసుకోవాల్సిందే. సిమ్లా అనుకుంటే చండీగఢ్‌కు, ముస్సోరీ అనుకుంటే డెహ్రాడూన్‌కు, డార్జిలింగ్ అనుకుంటే బాగ్డోగ్రాకు టికెట్ చూడండి, ఢిల్లీలో దిగి మళ్లీ రోడ్డెక్కే బాధ తప్పుతుంది. డిసెంబర్, జనవరిలో వెళ్లేవాళ్లకు ఒక మాట: ఉత్తరాదిలో పొగమంచుకి రైళ్లు గంటల కొద్దీ లేటు అవుతాయి, కాబట్టి పొద్దున ఢిల్లీలో దిగి అదే పూట ఇంకో రైలు పట్టుకుందాం అని టికెట్లు చేయించకండి. రాత్రి బండికి చేయించుకోండి.

ఇప్పుడు అసలు కోరిక. మనవాళ్లు మంచు చూడాలంటే అందులో రెండు వేరువేరు ఆశలుంటాయి. పిల్లలకు మంచులో పడి దొర్లాలి, ముద్దలు చేసి విసురుకోవాలి. పెద్దవాళ్లకు తెల్లగా మెరిసే హిమాలయ శిఖరం కళ్లారా చూస్తే చాలు, కాళ్ల కింద లేకపోయినా ఫర్వాలేదు. మొదటిదానికి జనవరి, ఫిబ్రవరిలో మనాలి వైపు పోవాలి. రెండోదానికి అక్టోబర్, నవంబర్‌లో డార్జిలింగ్. మే నెలలో సిమ్లా మాల్ రోడ్డు మీద మంచు ఉంటుందనుకుని స్వెట్టర్లు సర్దుకుని వెళ్లేవాళ్లను ఏటా చూస్తూనే ఉంటాం, అక్కడ ఆ నెలలో పగలు ఎండ కాస్తుంది, సాయంత్రానికి చల్లబడుతుంది, అంతే.

మనాలి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన కుర్రాళ్లందరూ అక్కడికే పోతారు. ఊరు సముద్రమట్టానికి 2,050 మీటర్ల ఎత్తున, బియాస్ నది ఒడ్డున ఉంటుంది. ఊళ్లో చూడాల్సింది దేవదారు చెట్ల మధ్య హిడింబ గుడి, 1553లో కట్టింది, చెక్కతో కట్టిన అంచెలంచెల కప్పు, మన రాతి గుళ్లు చూసిన కళ్లకు కొత్తగా ఉంటుంది. భీముడి భార్య హిడింబ అక్కడ దేవత, పక్కనే ఘటోత్కచుడికీ ఒక చెట్టు కింద పూజలు చేస్తారు, భారతం తెలిసిన పెద్దవాళ్లు మనాలిలో సంబరపడేది ఇక్కడే. వశిష్ఠ్ ఊళ్లో వేడినీటి గుండాలున్నాయి, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగా. పాత మనాలి వీధుల్లో ఊరికే తిరిగినా పొద్దుపోతుంది. సోలాంగ్ లోయ ఊరికి పదమూడు కిలోమీటర్ల దూరం, చలికాలం మంచు, వేసవిలో పచ్చిక, రెండు కాలాల్లోనూ పారాగ్లైడింగ్ వాళ్ల పిలుపులు.

రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు. అక్కడికి వెళ్లే బండికి పర్మిట్ ఉండాలి, రోజుకు ఇన్ని బండ్లే అని లెక్క ఉంది, రోడ్డు పనుల కోసం మంగళవారం మామూలుగా మూసి ఉంచుతారు. చలికాలమంతా అసలు దారే ఉండదు. కాబట్టి ప్యాకేజీలో "రోహ్‌తాంగ్ గ్యారంటీ" అని రాస్తే ఆ గ్యారంటీ ఎవరు ఇచ్చారో అడగండి. దాని బదులు అటల్ టన్నెల్ ఉంది. 2020 అక్టోబర్ 3న తెరిచారు, పొడవు 9.02 కిలోమీటర్లు, అవతల లాహౌల్ లోయలో తేలుతారు, సిస్సు అనే ఊరు వస్తుంది. ఇవతల పచ్చగా, చెట్లతో ఉన్న కొండలు అవతలికి వెళ్లేసరికి బోడిగా, రాళ్లతో, మంచు చారలతో కనబడతాయి, ఒక్క సొరంగం దాటితే ఇంత తేడానా అనిపిస్తుంది. నా లెక్కలో పిల్లలున్నవాళ్లకు రోహ్‌తాంగ్ కంటే సిస్సు మేలు, ఎత్తు తక్కువ, తలనొప్పి వాంతులు అంతగా ఉండవు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లయితే రోహ్‌తాంగ్ ఊసే ఎత్తొద్దు, కనీసం డాక్టర్‌ను అడగకుండా పోవద్దు.

మంచు బట్టలు, గమ్‌బూట్లు ఇక్కడి నుంచి కొనుక్కుపోకండి. సోలాంగ్ దారిలో అద్దెకిచ్చే షాపులు వరసగా ఉంటాయి. డ్రైవర్ తనకు తెలిసిన షాపు దగ్గరే ఆపుతాడు, రేటు అక్కడే తేల్చుకుని, చిరుగులుంటే ముందే చూపించి తీసుకోండి. చలికాలం మన రోడ్ల పక్కన అమ్మే ఉన్ని స్వెట్టర్, మంకీ క్యాప్, మంచి సాక్సులు ఉంటే మిగతాదంతా అద్దెకు సరిపోతుంది.

బియాస్ దగ్గర మాత్రం జాగ్రత్త. 2014 జూన్ 8న మండీ జిల్లా థలౌట్ దగ్గర, హైదరాబాద్ నుంచి టూర్‌కు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఫొటోల కోసం నది మధ్యలో రాళ్ల మీదికి వెళ్లారు. ఇప్పటికీ అక్కడ నది నిలబడి పిలుస్తున్నట్టే ఉంటుంది, మోకాలి లోతే కదా అనిపిస్తుంది. పైన డ్యాములున్నాయి, నీళ్లు చెప్పి రావు. దిగొద్దు. వానాకాలం అయితే ఊరికే వెళ్లొద్దు, 2023 జులైలో బియాస్ పొంగి కులు మనాలి రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోయింది, టూరిస్టులు రోజుల తరబడి ఇరుక్కుపోయారు.

సిమ్లా వేరే తరహా. అక్కడ నన్నడిగితే ఊరికంటే దారే గొప్ప. కాల్కా నుంచి సిమ్లా దాకా 96 కిలోమీటర్ల చిన్న రైలు, 1903లో మొదలైంది, వందకు పైగా సొరంగాలు, ఎనిమిది వందలకు పైగా వంతెనలు, 2008లో యునెస్కో జాబితాలో చేరింది, అంటే మన రామప్పకంటే పదమూడేళ్ల ముందు. ఐదారు గంటలు పడుతుంది, కారులో అయితే అంతకంటే ముందే చేరతారు గానీ, ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్లకు ఈ రైలు వరం. మెల్లగా పోతుంది, కిటికీ తీసుకోవచ్చు, లేచి నిలబడొచ్చు. బరోగ్ సొరంగం కిలోమీటర్‌కు పైన ఉంటుంది, పిల్లలు చీకట్లో అరుస్తూనే ఉంటారు. ఢిల్లీ నుంచి రాత్రి బయల్దేరే పాత కాల్కా మెయిల్, ఇప్పుడు నేతాజీ ఎక్స్‌ప్రెస్ అంటున్నారు, ఎక్కితే తెల్లారేసరికి కాల్కాలో ఉంటారు, అక్కడే చిన్న రైలు ఎక్కేయొచ్చు. అది హౌరా నుంచి వచ్చే బండి కాబట్టి చలికాలం దాన్ని నమ్ముకోకండి. చిన్న రైలు టికెట్ వేరుగా, ముందే తీసుకోవాలి, వేసవిలో తొందరగా అయిపోతాయి.

సిమ్లాలో రిడ్జ్, మాల్ రోడ్డు, క్రైస్ట్ చర్చి, సాయంత్రం నడక, ఐస్‌క్రీమ్. ఇంతే. ఇది చాలనుకునేవాళ్లకు చాలా బాగుంటుంది, ఇంకేముంది అనేవాళ్లకు రెండో రోజే బోర్ కొడుతుంది. జాఖూ కొండ మీద 108 అడుగుల హనుమంతుడి విగ్రహం, రోప్‌వే ఉంది, కోతులు కళ్లజోళ్లు, ఫోన్లు లాక్కుపోతాయి, కళ్లజోడు లేకుండా చూడలేనివాళ్లు తాడు కట్టుకుని వెళ్లండి, నవ్వులాటకు చెప్పడం లేదు. పాత వైస్రాయ్ భవనం 1888 నాటిది, స్వాతంత్ర్యానికి ముందు పెద్ద పెద్ద చర్చలు జరిగిన చోటు, చరిత్ర ఇష్టమైతే అక్కడ ఒక పూట పెట్టండి. కుఫ్రీకి అందరూ పోతారు, వేసవిలో గుర్రాల పేడ, బురద తప్ప పెద్దగా ఏమీ దొరకదు. దానికి బదులు చైల్‌కు వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది, పటియాలా మహారాజు వేయించిన క్రికెట్ మైదానం 2,444 మీటర్ల ఎత్తున ఉంది.

సిమ్లాలో అసలు టెన్షన్ హోటల్ దగ్గర వస్తుంది. మాల్ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి "మాల్ రోడ్డుకు రెండు నిమిషాలు" అని బుక్ చేస్తే, ఆ రెండు నిమిషాలు నిటారుగా మెట్లెక్కే రెండు నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్తున్నప్పుడు హోటల్‌కు ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కారు దిగిన చోటి నుంచి రూము దాకా ఎన్ని మెట్లు? వాళ్లు తడబడితే ఇంకో హోటల్ చూసుకోండి. కింది రోడ్డు నుంచి మాల్‌కు ఎక్కడానికి టూరిజం వాళ్ల లిఫ్టు ఉంది, దానికి దగ్గర్లో రూము దొరికితే పెద్దవాళ్లు రోజూ సాయంత్రం పైకి రాగలుగుతారు. ఈ మెట్ల ప్రశ్న ముస్సోరీలో, డార్జిలింగ్‌లో కూడా అడగండి. గీజర్ రోజంతా ఉంటుందా, రూము హీటర్‌కు వేరే డబ్బులా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

అమ్మానాన్నలతో మొదటిసారి హిమాలయాలకు వెళ్లేవాళ్లు అడిగితే మాత్రం నేను ముస్సోరీ పేరే చెప్తాను. అది అన్నిటికంటే అందంగా ఉంటుందని కాదు. డెహ్రాడూన్ దాకా రైలు వస్తుంది, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు 35 కిలోమీటర్లే, గంటన్నరలో పైన ఉంటారు. పెద్దవాళ్లు ఆ గంటన్నర ఓర్చుకుంటారు. ఇంకా ముఖ్యంగా, కింద హరిద్వార్, రిషికేశ్ ఉన్నాయి. బాపుకు గంగ స్నానం అయింది, సాయంత్రం హర్ కీ పౌడీలో హారతి చూశాడు, అప్పుడు కొండ మీద పిల్లలు ఏం చేసినా ఆయన ఏమీ అనడు. రిషికేశ్‌లో టీటీడీ వాళ్ల ఆంధ్ర ఆశ్రమం ఉంది, వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, వారం రోజులు రొట్టెలు తిన్న ప్రాణానికి ఆ చుట్టుపక్కల మన భోజనం దొరికే అవకాశం కూడా ఎక్కువ. రెండు రాత్రులు కింద, మూడు రాత్రులు పైన పెట్టుకుంటే హాయిగా సరిపోతుంది.

ముస్సోరీలో కెంప్టీ జలపాతం కోసం ఎగబడకండి. దుకాణాలు, ట్యూబుల్లో ఈదే జనం, కింద దాకా మెట్లు. ములుగు జిల్లా నుంచి వెళ్లినవాళ్లయితే బొగత చూసిన కళ్లతో దాన్ని చూసి ఇంత దూరం ఇందుకా వచ్చింది అంటారు. బదులుగా పొద్దున్నే క్యామెల్స్ బ్యాక్ రోడ్డులో నడవండి, చదునుగా ఉంటుంది, పెద్దవాళ్లు కూడా నడవగలరు. పైన లండౌర్ వైపు వెళ్తే దేవదారు చెట్లు, నిశ్శబ్దం, లాల్ టిబ్బా నుంచి ఆకాశం తేటగా ఉన్నరోజు దూరంగా మంచు శిఖరాల వరస కనబడుతుంది. ఒక రోజు ధనౌల్టీ, దాని దగ్గరే సుర్కండా దేవి గుడి, ఇప్పుడు రోప్‌వే ఉంది. గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఐఏఎస్‌లకు శిక్షణ ఇచ్చే లాల్ బహదూర్ శాస్త్రి అకాడమీ గేటు దగ్గర ఆపమంటారు, లోపలికి రానివ్వరు, ఫొటో దిగి వచ్చేయడమే, అదీ ఒక మొక్కు అనుకోండి.

ముస్సోరీకి రెండు చోట్ల దెబ్బ. శని, ఆదివారాలు ఢిల్లీ జనమంతా కార్లేసుకుని వస్తారు, అందుకని పైన ఉండే రోజులు సోమవారం నుంచి గురువారం మధ్యలో పడేట్టు చూసుకోండి. శ్రావణంలో, వాళ్ల పంచాంగం ప్రకారం జులైలోనే మొదలవుతుంది, శివభక్తులు గంగనీళ్లు మోసుకెళ్లే కావడ్ యాత్ర వల్ల హరిద్వార్ రోడ్లు పూర్తిగా నిండిపోతాయి, అప్పుడు అటు పోవద్దు.

నైనితాల్ గురించి తక్కువే చెప్తా. సరస్సు చుట్టూ ఊరు, ఎత్తు 1,938 మీటర్లు, కాఠ్‌గోదాం స్టేషన్ నుంచి 35 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి రాత్రి రైలుంది. పడవ షికారు, నైనాదేవి గుడి, పక్కన భీమ్‌తాల్, నౌకుచియాతాల్. బాగుంటుంది. అయితే లక్నవరంలో పడవెక్కినవాళ్లకు చలి తప్ప కొత్తగా అనిపించేది తక్కువ, ఇంత దూరం వెళ్లి మళ్లీ చెరువేనా అనే మా ఇంటి మాట నాది కూడా. నీం కరోలీ బాబా భక్తులయితే ఆ లెక్క వేరు, ఆయన ఆశ్రమం కైంచీ ధామ్ అక్కడికి దగ్గరే. జూన్ 15న అక్కడ పెద్ద మేళా జరుగుతుంది, ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద కారు కదలదు.

డార్జిలింగ్‌ను మనవాళ్లు తక్కువగా పట్టించుకుంటారు, దూరమని. నిజానికి విమానంలో వెళ్లగలిగితే ఇది చాలా మంచి ఎంపిక. బాగ్డోగ్రా నుంచి మూడు గంటల చిల్లర రోడ్డు. తెల్లారకముందే లేచి టైగర్ హిల్ మీద నిలబడితే, ఆకాశం కరుణిస్తే, 8,586 మీటర్ల కాంచన్‌జంగా మీద మొదటి వెలుగు పడటం చూస్తారు, ఈ జాబితాలో వేరే ఏ ఊరి నుంచీ అంత పెద్ద కొండ అంత దగ్గరగా కనబడదు. ఆకాశం కరుణించకపోతే పొగమంచు, టీ, చలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కరుణించదనే అనుకోండి. ఇక్కడి చిన్న రైలు సిమ్లాకంటే పాతది, 1881లో వచ్చింది, యునెస్కో గుర్తింపు 1999లో. మొత్తం దారి పోతే రోజంతా పడుతుంది కాబట్టి డార్జిలింగ్ నుంచి ఘుమ్ దాకా పోయి వచ్చే షికారు చాలు. అక్కడి జూలో ఎర్ర పాండాలు, మంచు చిరుతలు ఉన్నాయి. జూ పేరు పద్మజా నాయుడు మీద పెట్టారు, సరోజినీ నాయుడు కూతురు, హైదరాబాద్‌లో పుట్టి బెంగాల్ గవర్నర్‌గా చేసిన ఆవిడే. గురువారం మూసి ఉంటుంది. దసరా సెలవుల్లో బెంగాల్ అంతా అక్కడికే వస్తుంది, రూములు ముందే అయిపోతాయి.

నెల సంగతికి వద్దాం. మన బడులకు ఏప్రిల్ ఆఖర్లోనే సెలవులిస్తారు, ఢిల్లీ బడులకు మే రెండో వారం దాకా సెలవులు రావు. మధ్యలో దొరికే ఆ రెండు వారాలు మనకు బంగారం. అప్పుడు వెళ్తే రూములు తక్కువకు దొరుకుతాయి, మాల్ రోడ్డు మీద నడవడానికి చోటుంటుంది. మే 15 తర్వాత వెళ్తే అదే రూముకు రేటు ఎక్కడికో పోతుంది, ముస్సోరీ, మనాలి రెండు చోట్లా ట్రాఫిక్‌లోనే సగం సెలవు అయిపోతుంది. 2018 వేసవిలో సిమ్లాలో నీళ్ల కరువు వచ్చి హోటళ్ల వాళ్లే రావొద్దన్న సంగతి గుర్తుందో లేదో. ఆకాశం తేటగా ఉండేది అక్టోబర్. కానీ బతుకమ్మ తొమ్మిది రోజులు ఇల్లు వదిలి రమ్మంటే మన ఆడవాళ్లు రారు, రావాల్సిన అవసరమూ లేదు. సద్దుల బతుకమ్మ ఆడి, దసరా నాడు జమ్మి పెట్టుకుని, మర్నాడు బయల్దేరితే కులులో వాళ్ల దసరా నడుస్తుంటుంది, మన విజయదశమి రోజున మొదలై వారం పాటు సాగుతుంది, చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లను పల్లకీల్లో మోసుకొస్తారు. బడి సెలవులు అప్పటికి అయిపోవచ్చు కాబట్టి ఇది చిన్నపిల్లలు లేనివాళ్లకు బాగుంటుంది.

తిండికి ఎక్కడికెళ్లినా రొట్టె, పప్పు, రాజ్మా, ఆలుగడ్డ. అన్నం దొరుకుతుంది గానీ పొడిపొడిగా, చప్పగా ఉంటుంది. ఒక సీసా మామిడి తొక్కు, కారప్పొడి, సకినాలు పెట్టుకుపోతే గొడవ లేదు. ఘాట్ రోడ్డెక్కే రోజు పొద్దున మాత్రం పిల్లలకు నూనె టిఫిన్లు పెట్టకండి, వాంతుల బిళ్ల డాక్టర్‌ను అడిగి ముందే ఉంచుకోండి, కడుపులో తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి.

ఇక టికెట్లు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకు 120 ఉండేది. ఏప్రిల్ 25కి బయల్దేరాలంటే ఫిబ్రవరి ఆఖరి వారంలో పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. వచ్చే టికెట్ కూడా దాని తేదీ తెరిచిన రోజే చేసేయండి, పోవడానికి దొరికి రావడానికి వెయిటింగ్ లిస్టులో పడినవాళ్లే ఎక్కువ. హోటల్ మాత్రం డబ్బు వాపసు ఇచ్చే షరతు మీదే బుక్ చేసుకుని, రెండు వైపులా బెర్తులు ఖాయమయ్యాకే మిగతా డబ్బు కట్టండి.